ఎక్కడ ఆగాలో ఇంట్లోనే తేల్చుకోండి

బైక్ మీద దేశం దాటాలనే కోరిక పుట్టగానే చాలామంది చేసే మొదటి పని షోరూముకు వెళ్లడం. కొత్త బండి వస్తుంది, జాకెట్ వస్తుంది, బూట్లు వస్తాయి. బయల్దేరే తేదీ మాత్రం రాదు. ఈ ఏడాది ఆఫీసులో పని, వచ్చే ఏడాది ఇంట్లో పెళ్లి, ఆపైన ఇంకేదో.

ఈ వరసను తిరగేయండి. ముందు తేదీ, తర్వాత కాగితాలు, ఆపైన డబ్బు, ఒంట్లో సత్తువ. బండి సంగతి చివర్లో చూద్దాం. ఫ్రెంచి రచయిత్రి ఆన్-ఫ్రాన్స్ దోత్‌విల్ 1973లో ఒంటరిగా మూడు ఖండాలు చుట్టింది కవాసాకి 125 సీసీ మీద. మీ ఇంటి ముందున్న బండి అంతకంటే మరీ చిన్నదేమీ అయి ఉండదు. ఇంజిన్, బ్రేకులు, టైర్లు బాగుంటే అది చాలు.

మొదటి విదేశీ ప్రయాణానికి నేపాల్‌ను ఎంచుకోమంటాను. వీసా అక్కర్లేదు, మన లైసెన్స్ చెల్లుతుంది, అక్కడా ఎడమవైపే నడపాలి. పైగా ముక్తినాథ్ ఆలయం ఉంది. విష్ణు భక్తులు కొలిచే నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి కాబట్టి మన పెద్దలకు ఆ పేరు కొత్త కాదు. బైక్ మీద నేపాల్ అంటే ఒప్పుకోని అమ్మ, ముక్తినాథ్ అంటే కనీసం కూర్చుని వింటుంది.

ఇప్పుడు కాగితం మీద లెక్క వేయండి. హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్, జబల్‌పూర్, వారణాసి, గోరఖ్‌పూర్ మీదుగా సునౌలీ సరిహద్దు దాదాపు 1,500 కిలోమీటర్లు. నాలుగు రోజులు వేసుకోండి. సునౌలీ నుంచి పోఖరా 180 కిలోమీటర్లే, కానీ చాలా భాగం ఘాట్ రోడ్డు, అందుకే దానికో రోజు పూర్తిగా. పోఖరాలో ఒక రోజు విశ్రాంతి. అక్కడి నుంచి ముక్తినాథ్ దగ్గరికి చేరడానికి రెండు రోజులు, దర్శనానికి ఒక రోజు, పోఖరాకు దిగడానికి రెండు, సరిహద్దుకు ఒకటి, ఇంటికి నాలుగు. మొత్తం పదహారు. దీనికి ఏ పనీ పెట్టుకోని ఖాళీ రోజులు మూడు కలపండి. పది రోజుల సెలవుతో ఇదంతా చేసేద్దామనుకునేవాళ్లు నేపాల్‌ను చూడరు, ముందు వెళ్లే లారీ వెనక చక్రాలను చూసి వస్తారు.

ఆ మూడు ఖాళీ రోజులూ దండగ అనిపిస్తాయి. ఆఫీసులో సెలవు అడిగేటప్పుడు మరీ అనిపిస్తాయి. వాటిని తీసేయకండి. బ్రిటిష్ పాత్రికేయుడు టెడ్ సైమన్ 500 సీసీ ట్రయంఫ్ మీద ప్రపంచయాత్రకు లండన్‌లో బయల్దేరింది 1973 అక్టోబరు 6న. సరిగ్గా ఆ రోజే అరబ్ దేశాలకూ ఇజ్రాయెల్‌కూ యుద్ధం మొదలైంది. ఆయన దాటాల్సిన దేశాల్లో ఈజిప్టు ఉంది. అయినా ప్రయాణం మానుకోలేదు. నాలుగేళ్లలో దాదాపు లక్ష కిలోమీటర్లు తిరిగి వచ్చి, 1979లో పుస్తకం వేశారు. ఆయన చేతిలో సంవత్సరాలున్నాయి కాబట్టి అడ్డంకి వచ్చిన చోట కూర్చుని ఎదురుచూడగలిగారు. మీ చేతిలో ఉన్నవి సెలవు రోజులు. కొండచరియ విరిగిపడి దారి మూసుకుపోతే కూర్చోవడానికి మీకున్నవి ఆ మూడు రోజులే.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, మట్టిపెళ్లలు విరిగిపడే కాలం. అక్టోబరు, నవంబరు మంచివి, మార్చి, ఏప్రిల్ కూడా ఫర్వాలేదు.

కష్టమైన పాఠం పోఖరా దాటాకే ఉంది. పోఖరా ఎత్తు 800 మీటర్ల చిల్లర. ముక్తినాథ్ 3,700 పైన. బండికి ఎక్కే శక్తి ఉంది కదా అని ఒక్క రోజులో ఎక్కేస్తే ఊపిరితిత్తులు, మెదడు ఆ మార్పుకు అలవాటు పడలేవు. 3,000 మీటర్లు దాటాక, పడుకునే ఎత్తును రాత్రికి 500 మీటర్లకు మించి పెంచవద్దన్నది వైద్యులు చెప్పే నియమం. అందుకని దారిలో తాతోపానీలోనో మార్ఫాలోనో ఒక రాత్రి ఆగండి. తర్వాత 2,700 మీటర్ల ఎత్తులో ఉన్న జోమ్‌సోమ్‌లో బస చేసి, మర్నాడు పొద్దున్నే ముక్తినాథ్ వెళ్లి దర్శనం చేసుకుని, పడుకోవడానికి మళ్లీ కిందికి వచ్చేయండి. పొద్దున్నే అని ఎందుకంటున్నానంటే, ఆ దారి సాగే కాళీగండకీ లోయలో మధ్యాహ్నానికల్లా గాలి విపరీతంగా పెరుగుతుంది. జోమ్‌సోమ్‌కు విమానాలు ఉదయం పూటే నడిచేది అందుకే. విమానాలే తిరగని గాలిలో రెండు చక్రాల మీద మీకేం పని?

ఇవన్నీ చదివి తల ఊపడం తేలిక. అక్కడ పాటించడం కష్టం. అలసట, చలి, పక్కవాడి ఉత్సాహం, అన్నిటికీ మించి ‘ఇంత దూరం వచ్చాం కదా’ అన్న మాట మనిషి వివేకాన్ని లాగేసుకుంటాయి. దాదాపు రెండు వేల కిలోమీటర్లు వచ్చినవాడికి చివరి ఇరవై కిలోమీటర్లు వదులుకోవడమే అన్నిటికంటే పెద్ద పరీక్ష. అందుకే ఆ నిర్ణయాన్ని కొండ మీదికి వాయిదా వేయకండి. ఇంట్లో, కడుపునిండా తిని, నిద్ర చాలినప్పుడు, మీ నియమాలు మీ చేతితో రాసుకోండి. చీకటి పడ్డాక నడపను. తలనొప్పితో పాటు వాంతి వచ్చినా, అడుగులు తడబడినా ఆ రోజే కిందికి దిగుతాను. ఖాళీ రోజులు మూడూ అయిపోతే ఎక్కడున్నా వెనక్కి తిరుగుతాను. ఇంటికి చేరే ఖర్చు విడిగా ఉంచి, దాన్ని ముట్టుకోను. తోడు వచ్చేవాళ్లతో కూడా సంతకం పెట్టించండి. ఒకరు దిగాలంటే అందరూ దిగాలి, వాదన ఉండకూడదు.

నా దృష్టిలో ప్రణాళిక అంటే ఇదే. రేపు ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేరు. జరిగినప్పుడు నేనేం చేస్తానన్నది మాత్రం ముందే తేల్చుకోవచ్చు. ఎవరూ చూడని చోట తనకు తాను ఇచ్చిన మాట నిలబెట్టుకున్న మనిషి, తిరిగి వచ్చాక ఉద్యోగంలోనైనా డబ్బు వ్యవహారంలోనైనా మునుపటిలా తొందరపడడు.

కాగితాల దగ్గర బద్ధకం వద్దు. నేపాల్‌కు పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, ఆధార్ ఒక్కటే పట్టుకెళితే చాలదు. ఆర్సీ మీ పేరు మీదే ఉంటే మంచిది. సరిహద్దులో బండికి భన్సార్ అనే కస్టమ్స్ అనుమతి తీసుకుని, ఉండే రోజుల లెక్కన రుసుము కట్టాలి. ఆ మూడు ఖాళీ రోజులూ కలిపి ఎక్కువే రాయించుకోండి, అక్కడ పనికొస్తాయి. మీ బండి ఇన్సూరెన్స్ మామూలుగా మన దేశం వరకే. అదనపు ప్రీమియం కట్టి నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక వంటి పొరుగు దేశాలకు దాన్ని పొడిగించుకునే వీలుంది. ఈ సంగతి చాలామంది రైడర్లు అడగనే అడగరు. బయల్దేరే ముందు ఏజెంటుకు ఫోన్ చేసి, పొడిగింపును రాతపూర్వకంగా తీసుకోండి.

ఇంకా దూరం పోవాలంటే కాగితాలూ పెరుగుతాయి. ఆర్టీఏ ఆఫీసు ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఏడాది చెల్లుతుంది. ఇరాన్ వంటి దేశాలకు కార్నెట్ కావాలి. బండిని అక్కడ అమ్మకుండా తిరిగి బయటికి తెస్తానని ఇచ్చే పూచీ అది. ఆటోమొబైల్ అసోసియేషన్లు ఇస్తాయి, దానికి పెద్ద మొత్తమే హామీగా పెట్టాలి, ప్రతి సరిహద్దులో లోపలికొక ముద్ర, బయటికొక ముద్ర పడాలి. ఒక్క ముద్ర మరిచిపోయినా హామీ డబ్బుకు చిక్కు వస్తుంది.

దారులు ఎల్లకాలం తెరిచి ఉండవన్నది కూడా గుర్తుంచుకోండి. 2019 ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి జైభారతి నాయకత్వంలో నలుగురు మహిళలు బైకుల మీద మెకాంగ్ నదీ తీరాలకు బయల్దేరారు. మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం చూసి, దాదాపు 17,000 కిలోమీటర్లు తిరిగి ఏప్రిల్‌లో ఇల్లు చేరారు. వాళ్లలో ఒకరైన పియా బహదూర్ ఆ యాత్రను పుస్తకంగా రాశారు. మణిపూర్‌లోని మోరే దగ్గర మయన్మార్‌లోకి వెళ్లే ఆ దారి మరుసటి ఏడాది కోవిడ్‌తో మూతపడింది. 2021లో మయన్మార్‌లో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. 2019లో ‘వచ్చే ఏడాది చూద్దాం’ అనుకున్నవాళ్లకు ఆ వచ్చే ఏడాది రాలేదు.

ఇంట్లోవాళ్ల గురించి ఒక మాట. వాళ్ల భయాన్ని తేలిగ్గా తీసిపారేయకండి. ఏ రోజు ఎక్కడ ఉంటారో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. రోజూ సాయంత్రం ఫలానా వేళకు ఫోన్ చేస్తానని చెప్పండి, చేయండి. సిగ్నల్ లేని చోట్లు ఏ రోజు వస్తాయో కూడా ముందే చెప్పండి. భయపడే మనిషికి ధైర్యవచనాల కంటే ఈ వివరాలే ఎక్కువ నెమ్మదినిస్తాయి. మీరు రాసుకున్న నియమాల కాగితం కూడా వాళ్లకు చూపించండి.

బయల్దేరే లోపు మీ మెకానిక్ దగ్గర రెండు ఆదివారాలు కూర్చోండి. పంక్చర్ వేయడం, క్లచ్ వైరు మార్చడం, చైన్ బిగించడం మీ చేతులతో చేసి చూడండి. సామాను పూర్తిగా కట్టుకుని శ్రీశైలం ఘాట్‌లోనో అరకు ఘాట్‌లోనో ఒకసారి తిరిగి రండి. ఆ రెండు రోజుల్లో వాడని వస్తువుల్లో మందులు, పనిముట్లు, వాన కోటు తప్ప మిగతావన్నీ ఇంట్లో దించేయండి.

అక్టోబరులో వెళ్లాలనుకుంటే ఏప్రిల్‌లోనే మొదలుపెట్టండి. పాస్‌పోర్టు గడువు ఎప్పటిదాకా ఉందో ఈ రాత్రే తీసి చూడండి. రేపు ఆఫీసులో సెలవు అడగండి.