ఆపరేషను తరువాత బరువు మళ్ళీ పెరిగితే

బరువు తగ్గే ఆపరేషను చేయించుకున్నవారిలో కొందరు రెండు, మూడు సంవత్సరాల తరువాత చెకప్‌కు రావడం మానేస్తారు. బరువు మళ్ళీ పెరిగిందని సిగ్గు. మేము ఎదురుచూసేది ముఖ్యంగా వారికోసమే.

స్లీవ్ ఆపరేషనులో జీర్ణాశయాన్ని సుమారు 75 నుండి 80 శాతం తీసివేస్తారు. మిగిలిన సన్నని గొట్టం కొద్దిపాటి అన్నానికే నిండుతుంది. కాని పంచదార టీ, కూల్‌డ్రింకు, జ్యూసు అందులో ఆగవు, జారిపోతాయి. గంటకొకసారి నోట్లో వేసుకొనే గుప్పెడు మిక్చరు, రెండు బిస్కెట్లు కూడా అంతే; కడుపు నిండినట్లు తెలియదు. పైగా తగ్గిన శరీరం పాత బరువు వైపు లాగుతూనే ఉంటుంది. కొన్ని కిలోలు తిరిగి రావడం చాలామందిలో మామూలే. అందుచేత తప్పంతా రోగిదే అని మేము అనము.

ఒక వారంపాటు తిన్నది, తాగినది అంతా నోటుపుస్తకంలో వ్రాయండి. పిల్లలు వదిలేసినది పారేయలేక తినే తల్లులు అదీ వ్రాయాలి! భోజనంలో ముందు గుడ్డు, చేప, పప్పు, పెరుగు, చోటుంటే అన్నం. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి, ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే. నీళ్ళు భోజనమైన అరగంటకు తాగండి.

వారం రోజులు జావ మాత్రమే తాగితే కడుపు మళ్ళీ చిన్నదవుతుందనే మాట నమ్మకండి. విటమిన్ మాత్రలు, ముఖ్యంగా బి12, మానకూడదు. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, మానసిక వ్యాధులకిచ్చే కొన్ని మందులు బరువు పెంచుతాయి. వాటిని మీ అంతట మీరు ఆపక, మందుల చీటీలన్నీ తీసుకురండి. అవసరమైతే సెమాగ్లుటైడ్ వంటి ఇంజక్షన్ల గురించి డాక్టరు ఆలోచిస్తారు. వాంతులు ఆగకపోయినా, మలం నల్లగా వచ్చినా అదే రోజు రావాలి.