ఘాటుకు అమ్మే ముందు దగ్గుతుందెందుకు?

మల్దకల్‌లోనైనా, గద్వాలలోనైనా, ఇంట్లో ఎండుమిరపకాయలు వేయించేటప్పుడు గమనించండి. ఇంటిల్లిపాదీ దగ్గుతారు. కఫం పడదు, అది పొడి దగ్గు. తరచుగా అమ్మకో అక్కకో అది ముందు మొదలై, ఆలస్యంగా ఆగుతుంది. పొయ్యి దగ్గర ఉన్నది వాళ్ళే కదా అంటారా? నిజమే. కాని పొయ్యి లేని ప్రయోగశాలలోనూ ఇదే తేడా కనిపించింది!

దగ్గు ఒక అసంకల్పిత ప్రతీకార చర్య. స్వరపేటికలో, వాయునాళంలో సన్నని నాడుల కొనలుంటాయి. వాటికేదైనా తగిలితే ఆ కబురు వేగస్ నాడి గుండా మెదడు అడుగున ఉన్న మజ్జాముఖానికి చేరుతుంది. వెంటనే గాలి లోపలికి పీలుస్తాం. స్వరపేటిక మూసుకుంటుంది, పొట్ట కండరాలు బిగుస్తాయి. మరుక్షణం స్వరపేటిక తెరుచుకుని గాలి తన్నుకొస్తుంది.

మిరపలోని కాప్సైసిన్ ఈ నాడుల కొనలనే మీటుతుంది. దాన్ని పసిగట్టే గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనుగొంది. 2021లో ఆయన నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఈ గ్రాహకం వేడిని కూడా పసిగడుతుంది. కారం తిని నోరు మండిందంటాం, ఊరికే కాదు!

వైద్యులు కాప్సైసిన్‌ను అతి పలచని తుంపరగా పీల్పించి, పాళ్ళు కొద్దికొద్దిగా పెంచుతూ, ఎంత పాళ్ళకు దగ్గు వస్తుందో కొలుస్తారు. (ఇది ఆసుపత్రిలో చేసే పరీక్ష, ఇంట్లో చేయకండి.) జబ్బేమీ లేని స్త్రీలకు సైతం పురుషులకంటే తక్కువ పాళ్ళకే దగ్గు వచ్చింది. చిన్నపిల్లల్లో మాత్రం ఆడ, మగ తేడా కనబడలేదు. అంటే అది ఇంచుమించు మీ వయసులో మొదలవుతుందన్నమాట! ఇందులో హార్మోనుల పాత్ర ఉందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. 2014లో వెలువడిన ఒక పరిశీలనలో వివిధ దేశాలలోని 11 దగ్గు చికిత్సాలయాలకు వచ్చిన 10 వేల మంది రోగులను లెక్కిస్తే, మూడింట రెండు వంతులు స్త్రీలే.

ఇక అలర్జీ సంగతి. కాలిన చేతికి గోరువెచ్చని నీళ్ళు కూడా మంటగానే ఉంటాయి కదా? అలర్జీ ఉన్నవారి శ్వాసమార్గంలో హిస్టమిన్ వంటి పదార్థాలు ఊరి, వాపు తెచ్చి, నాడుల కొనలను అలాగే సున్నితం చేస్తాయి. అప్పుడు చల్లగాలి, అగరువత్తి పొగ, చివరికి నవ్వినా దగ్గే. కొందరికి ఉబ్బసం పిల్లికూతలు లేకుండా కేవలం దగ్గుగానే బయటపడుతుంది.

మల్దకల్ చుట్టూ విత్తన పత్తి చేలున్నాయి. అక్కడ పువ్వుకు పువ్వు అద్ది సంకరం చేసే కూలీలలో ఆడవాళ్ళు చాలామంది. మరి ఆ పుప్పొడే కారణమా? పత్తి పుప్పొడి బరువైనది, జిగటది, గాలికి దూరం పోదు. నా అనుమానం గట్ల మీది వయ్యారిభామ మీద! అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ కలుపును 1956లో పుణెలో గుర్తించినట్టు ప్రకటించారు. దీని పుప్పొడి అలర్జీ తెస్తుంది. ఇంటి దుమ్ము, కట్టెల పొయ్యి పొగ దానికి తోడు.

ఇలాంటి దగ్గును "నటన" అని కొట్టిపారేసే ఇళ్ళున్నాయి. క్షయ అని భయపడి దూరం పెట్టే ఇళ్ళూ ఉన్నాయి. అలర్జీ అంటుకోదు. కాని రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికైనా సరే, ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో క్షయ పరీక్ష చేయించాలి. దగ్గినప్పుడు మూత్రం చుక్కలు పడే బాధ స్త్రీలలో ఎక్కువ. సిగ్గుతో చెప్పుకోరు. డాక్టరుకు అదీ చెప్పాలి. అవ్వ రక్తపోటుకు ఎనలాప్రిల్ వంటి మాత్ర వాడుతుంటే ఆ చీటీ వెంట తీసుకెళ్ళండి. ఆ జాతి మందులు కూడా పొడి దగ్గు తెస్తాయి, అదీ స్త్రీలకే ఎక్కువగా. మాత్ర ఆపాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి.

వెళ్ళేముందు ఒక వారం నోటు పుస్తకంలో రాయండి: దగ్గు ఏ వేళ వచ్చింది, అప్పుడు ఎక్కడున్నారు, ఊడుస్తున్నారా, చేలో ఉన్నారా, పొయ్యి ముందా? డాక్టరు అడిగే మొదటి ప్రశ్నలు దాదాపు ఇవే.