రసాయనములు ఎచటికి పోవును, ఎంతకాలము నిలుచును?

పై తరగతులలో మన పిల్లలు "అర్ధాయువు" అను మాట నేర్చుకొనుచున్నారు. ఒక పదార్థము సగమగుటకు పట్టు కాలమే అది. పురుగుమందులకును ఈ లెక్క వర్తించును. నేలలో పడిన మందుకు అర్ధాయువు 10 సంవత్సరములనుకొందము. నేడు 16 గ్రాములు పడినచో పదేండ్లకు 8, ఇరువదియేండ్లకు 4, నలువదియేండ్లకు 1 గ్రాము మిగులును. ఇంతవరకు చిన్న తరగతి బాలుడైనను చేయగలడు. చిక్కంతయు ఆ మందు ఎచట చేరి నిలుచునో చెప్పుటలో నున్నది.

చారులో వేసిన పసుపును తల్లులు గమనించియే యుందురు. నీరెంత యున్నను, దాని రంగు పైన తేలు నూనెబొట్టులలో చిక్కగా కుదురుకొనును. డి.డి.టి. తీరును ఇట్టిదే. నీటిలో అది దాదాపు కరుగదు. కొవ్వును మాత్రము విడువదు. దీనిని కొలుచుటకై శాస్త్రజ్ఞులు కొవ్వునకు బదులు ఆక్టనాల్ అను ద్రవమును నీటితో కలిపి, అందు మందు వేసి చూతురు. నీటిలోకంటె ఆక్టనాలులో డి.డి.టి. గాఢత పది లక్షల రెట్లకు మించి యుండును.

కాలిఫోర్నియాలోని క్లియర్ సరస్సున దోమవంటి చిన్న పురుగుల బాధ పోగొట్టుటకు 1949, 1954, 1957 సంవత్సరములలో డి.డి.టి.కి తోబుట్టువగు డి.డి.డి.ని నీటిలో కలిపిరి. కడపటి రెండు మారులు ఐదు కోట్ల పాళ్ల నీటికి ఒక పాలు మాత్రమే. నీటివరకు చూచినచో ఆ అంచనా సరియైనదే. కాని గ్రీబ్ అను నీటిపక్షులు చచ్చిపడసాగినవి. పది లక్షల పాళ్ల నీటికి 0.02 పాలుగా వేసిన మందు, నీటిలోని సూక్ష్మజీవులలో 5 పాళ్లు, పక్షుల కొవ్వులో 1600 పాళ్లు కనబడినది. అనగా ఎనుబదివేల రెట్లు! సూక్ష్మజీవులను చిన్న చేపలు, వానిని పెద్ద చేపలు, చేపలను పక్షులు తినుచు రాగా పేరుకొన్నది. నీటిలో మందు జాడ త్వరలోనే మాయమైనను ప్రాణుల ఒడలిలో నిలిచియే యుండెను. "మోతాదు స్వల్పము, భయము లేదు" అను మాట నాకు సగము లెక్కగానే తోచును.

కెనడా శాస్త్రజ్ఞుడు డోనల్డ్ మెకే 1979 లో వివరించిన పద్ధతి ఈ లోటును చాలవరకు తీర్చినది. గాలి, నీరు, మన్ను, అడుగుబురద, చేప - వీనిని ఒకే యింటి గదులుగా భావించి, రసాయనము ఒక గదినుండి మరియొక గదికి పారిపోవుటకు ఎంత మొగ్గు చూపునో గణింతురు. ఒక్కొక్క గదిలో దాని ఆయువు వేరు. డి.డి.టి. గాలిలో కొలది దినములలో నశించును. నేలలో దాని అర్ధాయువు 2 మొదలు 15 సంవత్సరములని చెప్పుదురు. అది మారి డి.డి.ఇ. యగును, ఆ బిడ్డ తల్లికంటె మొండిది. సేద్యమే యెరుగని అంటార్కిటికాలో పెంగ్విన్ల శరీరములందును 1960 దశకమున డి.డి.టి. కనబడినది.

మన దేశమున వ్యవసాయమునకు దాని వాడుకను 1989 లో నిషేధించిరి. అర్ధాయువు పదేండ్లయిన చేనులో ఆనాటి శేషము 2029 నాటికిని పదునారవ వంతు మిగిలి యుండును. పదునైదేండ్లయినచో ఎంత మిగులునో పిల్లలచేత కట్టింపుడు.