వానకారు టమాటా: తెగులు నెరిగి విత్తనము నెంచుకొనుట

మృగశిర కార్తె సమీపించినంతనే సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులలో ననేకు లడుగు ప్రశ్న యొక్కటియే: “వానకు తట్టుకొను టమాటా విత్తన మేది?” దీనికి ఒక పేరు చెప్పి పంపుట సులభము. కాని యట్లు చేసినచో మేము రైతునకు మేలు చేసినవారము కాము. ఏ తెగులునకు తట్టుకొనవలెనో తెలియనిదే ఏ విత్తనము మంచిదో తెలియదు. కావున ఈ మాసపు పాఠమును ఈ విషయమునకే వినియోగించుచున్నాము.

ఇబ్రహీంపట్నము, యాచారము, మంచాల, అబ్దుల్లాపురమెట్టు ప్రాంతముల రైతులకు దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌లే దగ్గరి అంగడి. సరూర్‌నగర్, వనస్థలిపురము రైతుబజారులలో వానకాలమున ఎఱ్ఱని గట్టి కాయ తెచ్చినవానికి మంచి ధర లభించును. 2023 జూలైలో కిలో టమాటా నూరు రూపాయలు దాటిన సంగతి అందఱికి జ్ఞాపకమే. ఆ ధర ఊరక వచ్చినది కాదు; వానలకు, తెగుళ్ళకు పైరు చెడి సరకు తగ్గుటచేతనే వచ్చినది. అనగా లాభ మెక్కువగా నున్న కాలమే నష్టభయ మెక్కువగా నున్న కాలము. అప్పు తెచ్చి కర్రలు, తీగలు, ఎరువులు కొని, పూత సమయమున తోట వాడిపోయినచో ఆ కుటుంబము రెండు మూడేండ్ల వఱకు కోలుకొనజాలదు.

వానకాలమున వచ్చు తెగుళ్ళు

మొదటిది నారుకుళ్ళు. నారుమడిలో నీరు నిలిచినపుడు మొలక మొదట మెత్తబడి పడిపోవును. ఇది రకముతో తీరునది కాదు. ఎత్తైన మడితో, పలుచగా విత్తుటతో, విత్తనశుద్ధితో తీరును.

రెండవది ఆకుమాడు తెగులు. మొదట అడుగు ఆకులపై గోధుమరంగు మచ్చలు పుట్టి, వానిలో ఒకదానిలో నొకటిగా వలయము లేర్పడును. క్రమముగా ఆకులు రాలి కాయకు ఎండదెబ్బ తగులును. వెచ్చదనము, తడి కలిసినపుడు ఇది విజృంభించును. మన వానకారున దీనినే ముఖ్యముగా లెక్కింపవలెను.

మూడవది వడలు తెగులు. మొక్క పచ్చగా నుండగానే ఒకటి రెండు దినములలో వ్రేలబడిపోవును. సూక్ష్మజీవి వలన వచ్చు ఈ తెగులునకు కేరళ, ఒడిశాల వంటి చోట్ల గల పుల్లని తడి నేలలు స్థావరములు. మన ప్రాంతమున మొక్క వాడినదన్న ప్రతిసారి ఇదే యని తలంపరాదు.

నాల్గవది ఆకుముడత. దీనిని తెల్లదోమ తెచ్చును. జోరువానలలో దోమ తగ్గును గాని, నడుమ వరపు వచ్చినపుడు మరల పెరుగును. నారుదశలో సోకిన మొక్క కాయదు.

ఇక మలియాకుమాడు తెగులను మఱియొకటి కలదు. చల్లని దేశముల పుస్తకములలో తడికాలపు టమాటాకు ప్రధాన శత్రువుగా వర్ణింపబడున దిదియే. కాని దీనికి తడితోబాటు చలియు కావలెను. 15 నుండి 21 డిగ్రీల వేడిమి దీనికి అనుకూలము. మన శ్రావణ భాద్రపదములలో అంత చల్లదన ముండదు. మంచు, మబ్బు కమ్ము కార్తిక మార్గశిరములలో దీని భయము కలదు. కావున పరదేశపు తడివాతావరణమున పేరొందిన విత్తనము మన వానకారున కుపయోగించునని నమ్మి కొనుట పొరపాటు.

గాజుగ్లాసు పరీక్ష

మొక్క వాడినపుడు కారణము తెలిసికొనుటకు ఖర్చులేని యుపాయ మున్నది. వాడిన మొక్క కాండమును నేలకు కొంచెము పైగా కోసి, జానెడు ముక్కను తేటనీరు గల గాజుగ్లాసులో కోసిన కొన మాత్రము మునుగునట్లు కదలక పట్టుకొనవలెను. కొన్ని నిమిషములలో పాలవంటి తెల్లని ధార క్రిందికి దిగినచో అది సూక్ష్మజీవి వలని వడలు తెగులు. ధార లేక, కాండము లోపలి భాగము గోధుమరంగుగా నుండి, అడుగు ఆకులు ముందుగా పసుపు బారినచో అది బూజు వలని ఎండు తెగులు. ఈ రెండును గాక వేళ్ళు నల్లబడి కుళ్ళినచో నీరు నిలుచుట కారణము కావచ్చును. వేళ్ళపై బుడిపెలున్నచో నులిపురుగులు.

ఈ పరీక్ష చేయక విత్తనము మార్చుట, జ్వరమేదో తెలియక మందు మ్రింగుట వంటిది. ఇట్టి సంగతిని మేము కన్నులార చూచితిమి. ఒక రైతు “రోగనిరోధక” మని వ్రాసియున్న పొట్లమును అధిక ధరకు కొని నాటెను. మొక్కలు వాడిపోయెను. పొట్లము తెచ్చి చదువగా ఆ నిరోధము ఆకుముడతకు మాత్రమే. అమ్మినవాడు అబద్ధ మాడలేదు, కొన్నవాడు అడుగలేదు. ఆ యేటి కష్టము మాత్రము కొన్నవానిదే.

రకములు

బెంగళూరు సమీపమున హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు వెలువరించిన అర్క రక్షక్, అర్క సమ్రాట్ అను సంకర రకములు ఆకుముడత, సూక్ష్మజీవి వడలు తెగులు, ఆకుమాడు తెగులు అను మూటిని తట్టుకొనును. రక్షక్ కాయ 90 నుండి 100 గ్రాములు తూగి గట్టిగా నుండును గనుక దూరపు రవాణాకు తగును. అదే సంస్థవారి అర్క అభేద్ ఈ మూటితోబాటు మలియాకుమాడును గూడ తట్టుకొనును. వానకారున నాటి చలికాలము వఱకు కోయదలచినవారు దీనిని పరిశీలింపవచ్చును.

ఇవి సంకరములు గావున వీని కాయలనుండి తీసిన గింజ మరుసటి యేట తల్లిగుణముల నీయదు, ఏటేట కొనవలసినదే. గింజ దాచుకొనగోరువారికి శుద్ధ రకములు గలవు. అర్క ఆభ, అర్క ఆలోక్, కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయపు శక్తి, ముక్తి, అనఘ అనునవి వడలు తెగులును తట్టుకొనును. వారణాసివారి కాశీ విశేష్, హిస్సారువారి హిస్సార్ అన్మోల్ ఆకుముడతను తట్టుకొనును. చిరకాలముగా పరిచితమైన పూసా రూబీకి రుచి కలదు గాని ఆకుముడతకు, వడలు తెగులుకు లొంగిపోవును.

ఇచ్చట మూడు హెచ్చరికలు. ఒకటి: నిరోధ మనగా తెగులు రాకపోవుట కాదు, వచ్చినను పంట నిలుచుట. కొన్ని పొట్లములపై హెచ్.ఆర్. అనియు ఐ.ఆర్. అనియు నుండును. మొదటిది అధిక నిరోధము, రెండవది మధ్యమ నిరోధము. రెండవదానికి పైకాపుదల తప్పదు. రెండు: తామర పురుగులు తెచ్చు మొవ్వుకుళ్ళునకు పైన చెప్పిన త్రివిధ నిరోధము వర్తింపదు. మూడు: వడలు తెగులు క్రిమి ఊరూర భేదించును, ఒక ప్రాంతమున నిలిచిన రకము మఱియొక ప్రాంతమున పడిపోవచ్చును. కావున తొలి యేట తోటయంతయు ఒకే క్రొత్త రకము నాటరాదు. రెండు మూడు రకములను కొన్ని సాళ్ళ చొప్పున నాటి, వాడిన మొక్కలను, కోసిన కిలోలను వ్రాసి యుంచవలెను. పదిమంది సభ్యు లిట్లు వ్రాసిన లెక్క ఏ ప్రకటనకంటెను విలువ గలది.

రకము చేయలేని పని

2020 అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన కుంభవృష్టికి సరూర్‌నగర్ చెరువు పొంగి దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతపు వీధులు నీట మునిగినవి. అట్టి నీరు చేనిలో నిలిచినచో ఏ రకమైనను బ్రతుకదు. వేళ్ళకు గాలి యాడదు. కావున ఎత్తైన బోదెలు పోసి, నీరు పోవు కాలువ ముందుగా తీయవలెను. ఎఱ్ఱ చెలకలు ఇందుకు అనుకూలము. నల్లరేగడిలో వానకారు టమాటా సాహసమే. వరుసల నడుమ 90, మొక్కల నడుమ 60 సెంటీమీటర్లు విడిచి, కర్రలు పాతి కట్టి, నేలను తాకు అడుగు ఆకులను తీసివేసినచో గాలి యాడి ఆకుమాడు తగ్గును. మచ్చలు కనబడినంతనే మ్యాంకోజెబ్ లీటరు నీటికి 2.5 గ్రాములు కలిపి చల్లవచ్చును. చల్లిన పిదప పొట్లముపై చెప్పిన గడువు దాటక కాయ కోయరాదు.

వంగ, మిరప, బంగాళాదుంప వేసిన చేనిలో వెంటనే టమాటా వేయరాదు. ఇవన్నియు నొకే కుటుంబమువి గావున తెగుళ్ళును ఉమ్మడివే. జొన్న, మొక్కజొన్నల తరువాత వేయుట మేలు. నారును అంగుళమునకు 40 నుండి 50 రంధ్రములు గల నైలాను వలక్రింద పెంచి, 25 నుండి 30 దినముల వయస్సున నాటవలెను. వడలు తెగులు స్థిరపడిన నేలకు తైవానులోని ప్రపంచ కూరగాయల కేంద్రమువారు వంగ వేరుపై టమాటా నంటుగట్టు పద్ధతిని సూచించిరి. వంగవేరు నీటి నిలువకును కొంత ఓర్చును. ఖర్చెక్కువ గనుక ముందు కొలదిగా పరీక్షింపదగును.

కొనునపుడు

ఎకరమునకు శుద్ధ రకము 200 గ్రాములు, సంకరము 60 గ్రాములని సాధారణముగా చెప్పుదురు. ట్రేలలో గుంటకొక గింజ నాటినచో సంకరము ఇంకను తక్కువ చాలును. టమాటాకు మొలకశాతము కనీసము 70 ఉండవలెను. పొట్లముపై ఏ తెగులు పేర్లు వ్రాసియున్నవో చదివించుకొనుడు. రసీదు, ఖాళీ పొట్లము పంట ముగియువఱకు దాచుడు. అవి లేనిదే నష్టపడినవాని మాట నిలువదు.

సభ్యులు తమ చేనిలో క్రిందటేడు వచ్చిన తెగులేదో ముందుగా గుర్తించి, దానినిబట్టి రకము నిశ్చయించుకొని, రోహిణి కార్తెలోపల సంఘమునకు తెలిపినచో అందఱకును కలిపి విత్తనము తెప్పించుట సులభ మగును. ఈ వానకారున వాడిన మొక్క కనబడినచో పెరికి పారవేయకుడు. గాజుగ్లాసు తీసికొని చేనికి పొండు. విత్తన మెంచుకొనుట అచ్చటనే ప్రారంభ మగును.