క్రేన్ దగ్గర పనిచేసే కార్మికులకు: శిక్షణ, కార్డు, పరిహారం

అమీర్‌పేటలో మైత్రివనం చుట్టూ ఏ కోర్సుకైనా బోర్డు ఉంటుంది. పక్క సందులో కడుతున్న బిల్డింగు మీదికి ఇనుప కట్టలు ఎక్కించే మనిషికి ఆ పని ఎవరు నేర్పారని అడిగితే మాత్రం ఎక్కువగా వచ్చే జవాబు ఒకటే: చూసి నేర్చుకున్నాం.

ఈ పాఠం ఆ మనిషి కోసం. క్రేన్ డ్రైవరుకు మాత్రమే కాదు. లోడుకు స్లింగు కట్టే రిగ్గరు, కింద నిలబడి చేత్తో సైగ చేసే సిగ్నల్‌మ్యాన్, లోడు తిరగకుండా తాడు పట్టుకునే హెల్పరు కూడా చదవాలి. పొద్దున అడ్డా మీద నుంచి ఒక్కరోజు కూలికి వచ్చినవారైనా సరే. లోడు జారితే ముందు దెబ్బ తగిలేది కింద ఉన్నవారికే.

లైసెన్సు ఉంటే చాలా?

చాలదు. ఆర్టీఏ లైసెన్సు బండిని రోడ్డు మీద నడపడానికి. బరువు ఎత్తడం వేరే విద్య. నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. దాని కింద 1998లో వచ్చిన కేంద్ర నియమాలు, ఏ యంత్రం నడుపుతారో ఆ యంత్రం మీదే తగిన శిక్షణ ఉండాలని చెప్పాయి. 18 ఏళ్లు నిండనివారు క్రేన్ నడపకూడదు, సిగ్నల్ కూడా ఇవ్వకూడదు. మేస్త్రీ తమ్ముడి కొడుకును సెలవుల్లో తెచ్చి చెయ్యి ఊపమనడం కుదరదన్నమాట. క్రేన్‌ను కనీసం ఏడాదికోసారి అర్హత ఉన్న వ్యక్తి పూర్తిగా పరీక్షించాలి. ఆ సర్టిఫికెట్ మీద తేదీ ఏమిటని మీరు అడగొచ్చు. అడిగితే తప్పేమీ లేదు.

శిక్షణలో ఏం నేర్పుతారు?

ఒక్క లెక్క చూడండి. వెయ్యి కిలోల లోడును రెండు కాళ్ల స్లింగుతో నిటారుగా ఎత్తితే ఒక్కో కాలి మీద 500 కిలోలు పడుతుంది. కాళ్లు పక్కకు చాచుకుని, లోడుతో 60 డిగ్రీల కోణంలో ఉంటే అది 577 కిలోలు. 45 డిగ్రీలైతే 707. 30 డిగ్రీలకు దిగితే ఒక్కో కాలి మీద పూర్తిగా వెయ్యి కిలోలు! లోడు అదే, స్లింగు అదే, తెగే అవకాశం మాత్రం ఎక్కడికో వెళ్లిపోయింది. మన సందుల్లో ఇది ఊరికే చెప్పే లెక్క కాదు. పైన కరెంటు వైర్లుంటాయి, హుక్ పైకి లేపడానికి జాగా ఉండదు. దాంతో పొట్టి స్లింగు వాడతారు, కోణం పడిపోతుంది.

వైర్ రోప్ విషయం కూడా నియమాల్లోనే ఉంది. రోప్ మందానికి ఎనిమిది రెట్ల పొడవు ఏ చోటైనా తీసుకోండి. ఆ ముక్కలో బయటికి కనిపించే తెగిన తీగలు మొత్తం తీగల్లో 10 శాతం దాటితే ఆ రోప్ వాడకూడదు.

పది టన్నుల క్రేన్ అంటే ఎప్పుడైనా పది టన్నులు ఎత్తుతుందని అర్థం కాదు. బూమ్ దూరం చాచేకొద్దీ ఎత్తగలిగే బరువు తగ్గిపోతుంది. ఎంత తగ్గుతుందో క్యాబిన్‌లోని లోడ్ చార్టు చెబుతుంది. జాకీలు ఫుట్‌పాత్ పలకల మీద పెట్టేముందు వాటి కింద డ్రైనేజీ ఉందేమో చూడాలి. సెల్లార్ గుంత అంచున అసలే వద్దు.

ఇక హైడ్రా. (ఈమధ్య ఆ పేరు వింటే చెరువుల దగ్గర కూల్చివేతలే గుర్తొస్తున్నాయి. ఇక్కడ చెప్పేది బండి గురించి.) లోడు ముందర వేలాడుతుంటే డ్రైవరుకు ముందున్న మనిషి కనబడడు. మలుపు తిప్పితే బండి స్థిరత్వం తగ్గుతుంది. కాబట్టి తాడు పట్టుకున్న హెల్పరు బండికి ఎదురుగా నడవకూడదు. డ్రైవరుకు కనిపించేలా, పక్కగా, దూరంగా నడవాలి.

అమీర్‌పేట, పంజాగుట్టల్లో ఇంకొకటి ఉంది. మెట్రో పట్టాల మీది కరెంటు తీగలో 25 వేల వోల్టులు ఉంటాయి. బూమ్ తగలక్కర్లేదు, మరీ దగ్గరికి వెళ్లినా కరెంటు దూకుతుంది. మెట్రో పక్కన పనికి మెట్రో అనుమతి, వీధి లైన్ల దగ్గర పనికి విద్యుత్ శాఖ నుంచి ఎల్‌సీ తీసుకోవాలి. పొరపాటున బూమ్ వైరుకు తగిలితే డ్రైవరు క్యాబిన్‌లోనే ఉండాలి, కిందివారు బండిని ముట్టుకోకుండా దూరం జరగాలి. మంటలు వచ్చి దిగక తప్పకపోతే రెండు పాదాలు కలిపి దూకాలి, పాదాలు ఎత్తకుండా జరుపుకుంటూ దూరం వెళ్లాలి.

2007 సెప్టెంబరు 9న పంజాగుట్టలో కడుతున్న ఫ్లైఓవర్ కొంత భాగం కూలి రోడ్డు మీద పడింది. 2019 సెప్టెంబరులో అమీర్‌పేట మెట్రో స్టేషన్ పెచ్చు ఊడిపడి, వానకు కింద నిలబడిన ఒక మహిళ చనిపోయారు. రెండూ క్రేన్ ప్రమాదాలు కావు. కానీ ఇక్కడ పైనుంచి ఏది పడినా ఖాళీ నేల మీద పడదు. అందుకే లోడు లేచేముందు కింద దారి మూయించాలి. డ్రైవరుకు సిగ్నల్ ఒక్కరే ఇవ్వాలి. ఆపమని మాత్రం ఎవరైనా చెప్పొచ్చు, అప్పుడు ఆపాల్సిందే.

ఎక్కడ నేర్చుకోవాలి?

నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, అందరూ నాక్ అనేది, 1998 నుంచి హైదరాబాద్‌లో నిర్మాణ కార్మికులకు శిక్షణ ఇస్తోంది. మీ పనికి సరిపోయే బ్యాచ్ ఎప్పుడుందో వెళ్లేముందు కనుక్కోండి. పని ముందే తెలిసినవారికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కూడా ఉంది, దాన్ని ఆర్‌పీఎల్ అంటారు. డబ్బు కడితే రేపే సర్టిఫికెట్ తెస్తామనే బ్రోకర్లను నమ్మొద్దు. ఆ కాగితానికి స్లింగు కోణం తెలియదు.

కార్డు ఎవరికి?

18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసుండి, గత 12 నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసినవారు తెలంగాణ నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఫొటోలతో సహాయ కార్మిక అధికారిని కలవండి. రిగ్గరు, హెల్పరు కూడా అర్హులే. ఇప్పటికే కార్డు ఉంటే గడువు తేదీ ఇవాళే చూసుకోండి, రెన్యువల్ మర్చిపోయినవారి కుటుంబాలే ఎక్కువ ఇబ్బంది పడతాయి.

కార్డు లేదు, ప్రమాదం జరిగింది. అప్పుడు? మండలి ఇచ్చే సాయం వేరు, యజమాని ఇవ్వాల్సిన పరిహారం వేరు. యజమాని బాధ్యతకు మీ దగ్గర కార్డు ఉందా లేదా అన్నది సంబంధం లేదు. రోజు కూలీలకూ అది వర్తిస్తుంది. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు కార్మిక శాఖకు దరఖాస్తు పెట్టాలి. ఆసుపత్రి కాగితాలు, ఎఫ్‌ఐఆర్ నకలు, ఆరోజు పక్కన పనిచేసినవారి ఫోన్ నంబర్లు దాచిపెట్టండి. పని అయిపోయాక అడ్డా కూలీలు ఊళ్లకు వెళ్లిపోతారు, సాక్షి దొరకడం కష్టమవుతుంది.