నగరపాలక కార్యాలయమున తొలి దినము

పట్టభద్రులు పురపాలక సంస్థలలో శిక్షణ పొందుటకై కేంద్రప్రభుత్వము 2020లో ‘ట్యూలిప్’ అను పథకమును ప్రారంభించినది. మన పిల్లలును ఒకనాడు అట్టి శిక్షణకు పోదురు. టి. నగర్ విద్యార్థిని చెన్నై కార్పొరేషన్ కార్యాలయమున అడుగిడిన తొలి దినమున ఏమి చూచును?

కాగితములను చూచును. ఆస్తిపన్ను, జనన మరణముల నమోదు, వెలుగని వీధిదీపము, అన్నిటికిని అర్జీలే. అవి తమిళమున నుండును. తెలుగు మాధ్యమమున చదివిన పిల్ల ఇచట జంకి, తాను పరాయిదాననని తలంచును.

ఆ తలంపు సరికాదు. 1688లో ఏర్పడిన ఈ కార్పొరేషనుకు 1920లో అధ్యక్షుడైన పిట్టి త్యాగరాయశెట్టి తెలుగువాడు. మన పేటకు ఆయన పేరే పెట్టిరి. ఆ యేడే థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ పాఠశాలలో మధ్యాహ్నభోజనమునకు కౌన్సిలు అనుమతించినది. ఖర్చు తలకు దినమునకొక అణా మించరాదట! నేడు బడిలో అన్నము తినువారిలో ఎందఱెఱుగుదురు?

ఇక నమోదు బల్ల చెంతకు పోదము. పేరు లేకయే నమోదైన శిశువునకు 12 నెలలలోపల రుసుము లేక పేరు చేర్పించవచ్చును. తమిళలిపిలో క, గ లకు ఒకే అక్షరము గనుక ‘గీత’ను ‘కీత’ యనియు చదువవచ్చును. రెండు భాషలు తెలిసిన శిక్షణార్థిని ఆ తల్లిని తెలుగున పలుకరించి, ఆంగ్లాక్షరములలోనైన పేరు సరిగా పడునట్లు చూడగలదు. ఆ పని అక్కడ అందఱికి చేతకాదు.

తల్లిదండ్రులారా! తమిళమును పరీక్షకొఱకే చదివింపకుడు. అర్ధసంవత్సరమునకొకసారి కట్టు ఆస్తిపన్ను రసీదును ఈ మాఱు మీ పిల్లలచేత చదివించి, తెలుగున చెప్పించుకొనుడు.