రన్ అంటే పరుగేనా?

పోయిన సెమిస్టర్‌లో మా క్లబ్ తరఫున తెలుగు మీడియం పిల్లల కోసం చిన్న కోడింగ్ పేజీ ఒకటి చేశాం. బటన్లకి తెలుగు పేర్లు పెట్టే పని నాకిచ్చారు. ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం కదా, డిక్షనరీలో మొదటి అర్థం చూసి 'రన్' బటన్ మీద 'పరుగెత్తు' అని పెట్టేశా. కావలి దగ్గర ఒక బడిలో తొమ్మిదో తరగతి పాప అది చూసి, "ఎవురు పరిగెత్తాలన్నా? నేనా, కంప్యూటరా?" అనింది. నా దగ్గర జవాబు లేదు.

ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ వాళ్ల లెక్కలో ఈ ఒక్క క్రియకే 645 అర్థాలున్నాయని 2011లో వార్తలొచ్చాయి. మనకి అన్నీ వద్దు, రోజూ పనికొచ్చేవి చూద్దాం.

1. పరుగెత్తు: మనుషులకి, జంతువులకి. "రైలు కదులుతోంది, పరిగెత్తు!"

2. నడుచు, నడుపు: కావలి నుంచి నెల్లూరుకి బస్సులు నడుస్తాయి. మా మామ టీ కొట్టు నడుపుతాడు. ఇంగ్లీషు పరిగెత్తే చాలా చోట్ల తెలుగు నింపాదిగా నడుస్తుంది.

3. పారు, కారు: కాలవలో నీళ్లు పారతాయి. జలుబు చేస్తే ముక్కు కారుతుంది. రెండిటికీ రన్నే.

4. ఆడు, ఆడించు: నాకు బాగా నచ్చింది ఇదే. సినిమా వంద రోజులు ఆడుతుంది. మా అవ్వ మిల్లుకి పంపిస్తూ "పిండి ఆడించుకొని రా అబ్బయా" అంటుంది. మాకు రొయ్యల గుంట ఉంది. రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోతుంది, ఏరేటర్లు ఆగితే రొయ్యలు చచ్చిపోతాయి. అందుకే కరెంటు పోయొస్తే చాలు, నాయన నిద్రలోంచి లేచి "ఏరేటర్లు ఆడతన్నాయా?" అని అడుగుతాడు. ఏడాది అప్పు మొత్తం ఆ 'ఆడు' మీదే ఉంటుంది.

ఇక రన్‌కి చుట్టాలు. 'రన్ అవుట్' క్రికెట్‌లో అందరికీ తెలుసు, పెట్రోలుకైతే 'అయిపోయింది' అని. 'రన్ ఇంటూ' అంటే అనుకోకుండా ఎదురుపడటం. 'రన్నర్ అప్' అంటే రెండో స్థానం. 'రన్‌టైమ్ ఎర్రర్' అంటే ప్రోగ్రాం నడుస్తుండగా బయటపడే తప్పు. రూపాలు మూడు: రన్, ర్యాన్, రన్. కాబట్టి 'ఐ హ్యావ్ ర్యాన్' తప్పు, 'ఐ హ్యావ్ రన్' రైటు. ఈ తప్పు నేనూ చాలాసార్లు రాశా.

మళ్లీ బటన్ దగ్గరికొద్దాం. మా సీనియర్ 'అమలు చేయి' అన్నాడు. అర్థం సరిపోయింది గానీ, జీవో చదివినట్టుంది. నేను 'ఆడించు' అన్నా. పిల్లలు గేమ్ అనుకుంటారన్నారు. చివరికి 'నడుపు' పెట్టాం. ఈసారి ఆ పాప ఏమీ అడగలేదు, నొక్కేసింది.

నేను డిక్షనరీలో వెతికిన మాటలు మా ఇంట్లో రోజూ వినపడేవే. విన్నా, పట్టించుకోలేదు. మీ ఇంట్లో ఏమేమి 'ఆడతాయో' ఈ వారం చెవిపెట్టి వినండి. ఆ బటన్‌కి ఇంకా మంచి మాట దొరికితే చెప్పండి, మార్చేద్దాం.